గాల్‌బ్లాడర్ తీశాక ఆగని మోషన్లు: ఐబీఎస్ అని సరిపెట్టుకునే ముందు పైత్యరసం సంగతి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. వయసు 47, స్కూల్ టీచరు. 14 నెలల కింద రాళ్లున్నాయని గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) తీసేశారు. అప్పట్నుంచి పొద్దున టిఫిన్ తిన్న ఇరవై నిమిషాలకే పరుగు, రోజుకి నాలుగైదు సార్లు, ఫస్ట్ పీరియడ్ అంటేనే భయం. కొలనోస్కోపీ నార్మల్. థైరాయిడ్ గోళీ వాడుతున్నారు, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ డోసు ఆ మధ్యే పెంచారు. డాక్టరుగారు ఐబీఎస్ (పరీక్షల్లో ఏమీ కనిపించకపోయినా పేగు గోలపెట్టే జబ్బు) అన్నారు, టెన్షన్ తగ్గించుకోమన్నారు. మూడు నెలలు ప్రోబయోటిక్ (మంచి బ్యాక్టీరియా ఉండే మందు) వాడినా తేడా లేదు. ఇప్పుడు మలం పంపిస్తే పేగులోని బ్యాక్టీరియా జాబితా పంపిస్తామనే ఆన్‌లైన్ కిట్ కొనాలా అని అడుగుతున్నారు. పైగా వచ్చే నెల కాశీ ప్రయాణం.

కిట్ కొనకండి. ఎందుకో చివర్లో చెప్తాను. ముందు అసలు సంగతి.

నేను జీర్ణకోశ వ్యాధుల డాక్టర్ని, ఇరవై ఏళ్లు దాటింది ఈ పనిలో. మీ కథలాంటిది నెలకి రెండు మూడైనా నా ముందుకొస్తాయి. వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే పాలు మానేసి, కారం మానేసి, ఆవకాయ జాడీని పక్కింటివాళ్లకి ఇచ్చేసి, చివరికి భోజనం మీదే విరక్తి పుట్టి వస్తారు. వాళ్లలో కొందరికి తేలే జబ్బు పేరు బైల్ యాసిడ్ డయేరియా, తెలుగులో చెప్పాలంటే పైత్యరస ఆమ్లాల వల్ల వచ్చే విరోచనాలు. ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు. 1967లోనే ఆలన్ హాఫ్‌మన్ అనే ఆయన చిన్నపేగు చివరి భాగం పాడైతే ఇది ఎలా వస్తుందో వివరంగా రాశాడు. అయినా ఇప్పటికీ ఎక్కువగా ఐబీఎస్ అనే సంచిలోనే పడిపోతుంది. విరోచనాల రకం ఐబీఎస్ అని ముద్ర పడ్డవాళ్లని సరిగ్గా పరీక్షిస్తే నలుగురిలో ఒకరికి, కొన్ని లెక్కల్లో ముగ్గురిలో ఒకరికి, ఇదే బయటపడుతుంది.

మనవాళ్లకి పైత్యం అంటే తల తిరగడం, పసర వాంతి, లేదంటే ఎవడైనా తిక్కగా మాట్లాడితే వాడికి పట్టిందనేది. ఆ పైత్యం వేరు, నేను చెప్పే రసం వేరు. ఇది లివర్ కొలెస్ట్రాల్ నుంచి తయారుచేసే సబ్బులాంటి పదార్థం. పప్పులో వేసుకున్న నెయ్యిని చిన్న చిన్న తుంపరలుగా విడగొట్టి పేగు పీల్చుకునేలా చేయడం దీని పని. గిన్నెకి పట్టిన జిడ్డు సబ్బు లేకుండా వదలదు కదా, అలాగే.

ఇందులో అందరూ మరిచిపోయే విషయం ఒకటుంది. ఒంట్లో ఏ సమయంలో చూసినా ఈ ఆమ్లాలు మొత్తం కలిపి రెండు నుంచి నాలుగు గ్రాములే ఉంటాయి. రోజంతా మనం తినే కొవ్వుకి అది ఏ మూలకీ చాలదు. మరి ఎలా సరిపోతోంది? టీ కొట్టు గుర్తుతెచ్చుకోండి, కాగితం కప్పులు రాకముందు కొట్టు. ఇరవై గాజు గ్లాసులు ఉంటాయి, పొద్దున్నుంచి రాత్రి దాకా మూడొందల టీలు అమ్ముతాడు. తాగిన గ్లాసు కుర్రాడు తెస్తాడు, కడుగుతారు, మళ్లీ పోస్తారు. పైత్యరసమూ అంతే. లివర్ వదిలింది చిన్నపేగంతా ప్రయాణం చేసి, పెద్దపేగు మొదలయ్యే ముందున్న చివరి భాగంలో, ఇలియం అంటాం దాన్ని, నూటికి 95 వంతులు తిరిగి రక్తంలోకి వెళ్లి మళ్లీ లివర్ చేరుతుంది. రోజుకి ఆరు నుంచి పది సార్లు ఇలా తిరుగుతుంది. చేజారేది అర గ్రాము లోపే, అంతమేరకే లివర్ కొత్తది తయారుచేస్తుంది.

గాల్‌బ్లాడర్ ఈ కథలో ఏమిటంటే, కడిగిన గ్లాసులు బోర్లించి పెట్టే పళ్లెం. అంతకంటే ఏమీ లేదు. అది తీసేస్తే కొట్టు మూతపడదు, మీరు నెయ్యి అరిగించుకోగలరు. కాకపోతే గిరాకీ లేని వేళ కూడా గ్లాసులు తిరుగుతూనే ఉంటాయి, అంటే తిన్నా తినకపోయినా రసం చుక్కచుక్కగా పేగులోకి కారుతుంది. ఎక్కువమందికి ఇలియం ఆ భారాన్ని మోసేస్తుంది, ఆపరేషన్ అయిన సంగతే మర్చిపోతారు. ఉజ్జాయింపుగా పదిమందిలో ఒకరికి మోయలేక కొంత పెద్దపేగులోకి జారుతుంది. పొద్దున టిఫిన్ తర్వాతే గోల ఎక్కువని మీరు రాశారు చూడండి, రాత్రంతా పేగులో చేరిన రసం మొదటి ముద్ద పడగానే ముందుకు కదులుతుంది మరి. ఇడ్లీ తప్పు కాదది.

చిన్నపేగుకి ఎంత అవసరమో పెద్దపేగుకి అంత గిట్టదు ఈ రసం. పెద్దపేగు పని నీళ్లు పీల్చుకోవడం. ఈ ఆమ్లాలు తగిలితే అది ఉల్టా నీళ్లు వదలడం మొదలెడుతుంది, కదలిక వేగం పెరుగుతుంది, ఆపుకోవడం కష్టమవుతుంది. అందుకే అర్జెంటు. అందుకే మలద్వారం దగ్గర మంట, దాన్ని మనవాళ్లు కారం మీదకి తోసేస్తారు (కారం కూడా మంట పుట్టిస్తుంది లెండి, అది వేరే కేసు). ఇది ఊహించి చెప్తున్న మాట కాదు. 1970ల్లో పిత్తాశయంలో రాళ్లు కరగడానికని కీనోడీఆక్సీకోలిక్ యాసిడ్ అనే పైత్యరస ఆమ్లాన్నే మందుగా ఇచ్చేవాళ్లు, అప్పుడు రోగులు చెప్పిన పెద్ద ఫిర్యాదు విరోచనాలే. జపాన్‌లో 2018లో ఎలోబిక్సిబాట్ అనే మందుకి అనుమతి వచ్చింది, అది కావాలనే ఇలియంలో పీల్చుకోవడాన్ని కొంత అడ్డుకుంటుంది, రసం పెద్దపేగులోకి జారుతుంది, మలబద్ధకం వదులుతుంది. మీకు జబ్బు అయినది వాళ్లకి వైద్యం.

ఇప్పుడు బ్యాక్టీరియా. లివర్ తయారుచేసేవి ముఖ్యంగా రెండే ఆమ్లాలు, వాటికి గ్లైసిన్ అనో టారిన్ అనో ఒక తోక తగిలించి పంపుతుంది. పేగులోని చాలా రకాల బ్యాక్టీరియాకి ఆ తోక కత్తిరించడం వచ్చు. ఆ తర్వాతి మెట్టు, అంటే ఆ ఆమ్లం రూపాన్నే మార్చి డీఆక్సీకోలిక్, లిథోకోలిక్ అనే కొత్త ఆమ్లాలుగా చేయడం, అతి కొద్ది జాతులకే చేతనవుతుంది. క్లాస్ట్రీడియం సిండెన్స్ అనేది అందులో పేరున్నది. అంటే మన ఒంట్లో తిరిగే పైత్యరసంలో కొంత భాగం లివర్ సరుకు, కొంత సూక్ష్మజీవులు తిప్పి రాసిన సరుకు. మలానికి గోధుమరంగు రావడం కూడా వాటి చలవే, పైత్యంలోని పసుపు రంగుని అవే మారుస్తాయి. మోషన్ మరీ వేగంగా వెళ్తే వాటికి టైమ్ చాలదు, అందుకే ఆకుపచ్చ పసుపు కలిసిన రంగులో కనిపిస్తుంది. విరోచనాల రకం ఐబీఎస్ ఉన్నవాళ్ల మలంలో ఇలా మార్చని, లివర్ పంపినది పంపినట్టే ఉన్న ఆమ్లాలు ఎక్కువగా కనిపిస్తాయి. వేగం వల్ల మార్చలేకపోయాయా, మార్చే జాతులు తగ్గడం వల్ల వేగం పెరిగిందా అంటే రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

ఈ కొద్ది జాతుల విలువ ఎప్పుడు తెలుస్తుందంటే అవి పోయినప్పుడు. మన దగ్గర రెండు మోషన్లయితే చాలు, మెడికల్ షాపుకెళ్లి ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన యాంటీబయాటిక్ గోళీలు ఒక స్ట్రిప్ తెచ్చుకోవడం అలవాటు. డాక్టరు చీటీ ఉండదు, కోర్సు పూర్తి చేయరు, మళ్లీ నెలకి అదే. ఆ దెబ్బకి ఆమ్లాలు మార్చే జాతులు తుడిచిపెట్టుకుపోతే క్లాస్ట్రీడియం డిఫిసీల్ అనే దుష్టుడికి దారి దొరుకుతుంది. దాని విత్తనాలు పేగులో నిద్రపోతుంటాయి. టారిన్ తోక ఉన్న ఆమ్లం వాటిని నిద్రలేపుతుంది, మార్చిన ఆమ్లాలు పెరగనివ్వకుండా అణిచి ఉంచుతాయి. యాంటీబయాటిక్ వాడాక లేపేది మిగిలి, అణిచేది పోతుంది. 2013లో నెదర్లాండ్స్‌లో ఇలా మళ్లీ మళ్లీ వచ్చే రోగులకి ఆరోగ్యవంతుల మలాన్ని నీళ్లలో కలిపి గొట్టం ద్వారా పేగులోకి ఎక్కించారు. వినడానికే వెగటు, నాకు తెలుసు. కానీ 16 మందిలో 13 మందికి మొదటిసారికే నయమైంది. పోగొట్టుకున్న బ్యాక్టీరియాని తిరిగి నాటితే పైత్యరస ఆమ్లాలు కూడా తిరిగి దారికొచ్చాయి. మీకిది ఉందని కాదు, ఇంకోసారి యాంటీబయాటిక్ గోళీ మీ అంతట మీరు వేసుకోవద్దని చెప్పడానికి ఇంత చెప్పాను.

బ్యాక్టీరియా చోటు తప్పినా ఇబ్బందే. పెద్దపేగులో ఉండాల్సినవి చిన్నపేగులో గుంపుగా చేరితే, అక్కడే తోకలు కత్తిరించేస్తాయి, రసం కొవ్వుని విడగొట్టే పని సరిగ్గా చేయలేదు, కడుపుబ్బరం, గ్యాస్, జిడ్డు తేలే మలం. షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లలో, పొట్ట ఆపరేషన్లయినవాళ్లలో, ఏళ్ల తరబడి ఎసిడిటీ గోళీ పొద్దున్నే కాఫీ ముందు మింగేవాళ్లలో ఇది చూస్తుంటాం. దక్షిణాదిలో దీని చుట్టరికం ఒకటి పాతది ఉంది, ట్రాపికల్ స్ప్రూ. 1960ల్లో తమిళనాడులో ఉత్తర ఆర్కాట్ జిల్లా పల్లెల్లో అంటువ్యాధిలా వ్యాపిస్తే వెల్లూరు సీఎంసీ డాక్టర్లు ఊళ్లు తిరిగి చదివారు దాన్ని. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్, ఫోలిక్ యాసిడ్‌తో తగ్గే జబ్బు. ఇప్పుడు అరుదైంది గానీ బరువు తగ్గుతూ నాలుక పూసి రక్తం తక్కువగా ఉన్న మనిషి వస్తే నేను ఇప్పటికీ దాన్ని తలుచుకుంటాను.

ఇంకోటి, పాశ్చాత్య పుస్తకాల్లో ఇలియం జబ్బంటే మొదట క్రోన్స్ (పేగులో దీర్ఘకాలం వాపు, పుండ్లు ఉండే జబ్బు) అని రాస్తారు. మన దేశంలో ఆ చోట పేగు టీబీ కూడా అంతే ముఖ్యం, రెండిటినీ విడదీయడం ఇప్పటికీ మాకు తలనొప్పే. టీబీ నయమయ్యాక కూడా, లేదా ఆ ముక్క కోసి తీసేశాక కూడా మోషన్లు ఆగకపోతే జబ్బు తిరగబెట్టిందని మళ్లీ మందులు మొదలెట్టే ముందు ఆలోచించాల్సింది గ్లాసులు తెచ్చే కుర్రాడు లేడు కదా అని. తీసిన ముక్క మీటరు లోపైతే పైత్యరసం బంధించే మందుతో బాగా మేలు కనిపిస్తుంది. అంతకంటే ఎక్కువ పోతే మాత్రం లివర్ ఎంత తయారుచేసినా చాలదు, అప్పుడు కొవ్వే అరగదు, ఆ మందు ఇస్తే ఇంకా చెడుతుంది. ఒకటే లక్షణం, రెండు ఎదురెదురు వైద్యాలు.

ఏ ఆపరేషనూ లేకుండా, ఇలియం శుభ్రంగా ఉండి కూడా కొందరికి ఇది వస్తుంది. దానికి కారణం 2009లో లండన్‌వాళ్లు చూపించారు. గ్లాసులు తిరిగొచ్చాయి, కొత్తవి కొనకు అని ఇలియం లివర్‌కి ఒక కబురు పంపుతుంది, ఎఫ్‌జీఎఫ్-19 అనే హార్మోన్ రూపంలో. వీళ్లలో ఆ కబురు సరిగ్గా అందదు. లివర్ తయారుచేస్తూనే పోతుంది, పొంగి పొర్లినది పెద్దపేగులో పడుతుంది.

సరే, మీ సంగతి. మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముందు కంటికి తగిలింది మెట్‌ఫార్మిన్. అది ఇలియంలో ఈ ఆమ్లాలు పీల్చుకోవడాన్ని కూడా తగ్గిస్తుంది, అది విరోచనాలు తెప్పించే దారుల్లో ఇదొకటి. పళ్లెం తీసేశారు, ఆపైన కుర్రాడి చేయి కూడా కట్టేశారు. షుగర్ డాక్టరుగారితో మాట్లాడి మెల్లగా విడుదలయ్యే రకానికి మార్చడమో, డోసు తగ్గించడమో, రెండు మూడు వారాలు వేరే మందుతో నడిపి చూడటమో చేయండి. మీ అంతట మీరు ఆపేయొద్దు. నిజంగా, కొంతమందికి ఇక్కడితోనే కథ ముగుస్తుంది. పనిలో పనిగా బీ12 విటమిన్ చూపించుకోండి, దాన్ని పీల్చుకునేది కూడా ఇలియమే, మెట్‌ఫార్మిన్ దాన్నీ తగ్గిస్తుంది.

పరీక్ష ఏమిటంటే, బ్రిటన్‌లో సీహ్‌క్యాట్ అని ఒకటుంది, రేడియోధార్మిక సెలీనియం తగిలించిన పైత్యరస ఆమ్లాన్ని క్యాప్సూల్‌గా మింగించి ఏడో రోజున ఒంట్లో ఎంత మిగిలిందో కొలుస్తారు. 15 శాతం కంటే తక్కువ మిగిలితే జబ్బు ఉన్నట్టు. అమెరికాలోనే దానికి అనుమతి లేదు, మన ఊళ్లలో దాని కోసం వెతికి లాభం లేదు. సీ4 అనే రక్తపరీక్ష, 48 గంటల మలంలో ఆమ్లాలు కొలిచేది ఇంకొకటి ఉన్నాయి, అవీ మామూలు ల్యాబులో అయ్యేవి కావు. కాబట్టి నాలాంటివాళ్లం చేసేది మందు ఇచ్చి చూడటం. తగ్గితే అదే సాక్ష్యం. ఇది పక్కా పద్ధతి కాదని ఒప్పుకుంటాను, కొందరికి మందు రుచి నచ్చక రెండ్రోజుల్లో మానేసి పనిచేయలేదంటారు. అయినా చేతిలో ఉన్నది అదే.

ఆ మందు కొలెస్టిరమిన్, నాలుగు గ్రాముల పొడి ప్యాకెట్లు. కొలెస్ట్రాల్ తగ్గించడానికి వచ్చిన పాత మందు. ఇసక కలిపిన షర్బత్ తాగినట్టుంటుంది, ముందే చెప్తున్నా. పొడిగా నోట్లో వేసుకోకూడదు, నీళ్లలోనో పళ్లరసంలోనో బాగా నానబెట్టి తాగాలి. ఇది రక్తంలోకి వెళ్లదు, పేగులోనే ఆమ్లాలని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. తక్కువ డోసుతో మొదలెట్టి పెంచుకుంటూ పోతాం, ఎక్కువైతే మలబద్ధకం, ఉబ్బరం. చిక్కేమిటంటే ఇది ఆమ్లాలనే కాదు, దారిలో కనిపించిన ఏ గోళీనైనా పట్టుకుంటుంది. రక్తం పలచనయ్యే వార్ఫరిన్, గుండెకి వాడే డిగాక్సిన్, గర్భనిరోధక మాత్రలు, అన్నిటికంటే మీకు ముఖ్యంగా థైరాక్సిన్. మిగతా గోళీలు దీనికి గంట ముందైనా వేసుకోవాలి, లేదంటే నాలుగు నుంచి ఆరు గంటల తర్వాత. థైరాయిడ్ గోళీకి మాత్రం కనీసం నాలుగు గంటల ఎడం. మీలాంటివాళ్లకి నేను సాధారణంగా థైరాయిడ్ గోళీ పొద్దున పరగడుపునే ఉంచి ఈ పొడిని రాత్రికి పెడతాను, పొద్దున గోల తగ్గడానికి కూడా అదే మంచి వేళ. రెండు నెలల తర్వాత టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష మళ్లీ చూసుకోండి. చాలాకాలం వాడితే ఏ, డీ, ఈ, కే విటమిన్లు తగ్గే అవకాశం ఉంది. పొడి పడనివాళ్లకి కొలెసెవెలామ్ అనే గోళీలున్నాయి, ధర ఎక్కువ.

షుగర్ ఉంది కాబట్టి ఇంకో కబురు. 2022లో డెన్మార్క్‌లో లిరాగ్లుటైడ్ అనే షుగర్ ఇంజెక్షన్‌ని కొలెసెవెలామ్‌తో పోల్చి చూస్తే ఇంజెక్షనే ఎక్కువమందికి మోషన్లు తగ్గించింది. ఖరీదైనది, మొదట్లో వికారం పెడుతుంది, దీనికోసమే మొదలెట్టమని నేను అనను. కానీ మెట్‌ఫార్మిన్ బదులు ఏమిటని మీ షుగర్ డాక్టరుగారు ఆలోచిస్తుంటే ఈ సంగతి చెవిన వేయండి. ఈ రకం ఇంజెక్షన్లతో పిత్తాశయంలో రాళ్లు రావచ్చనే భయం ఒకటుంది, మీకు ఆ భయం ఎలాగూ తీరిపోయింది.

తిండి విషయంలో నెయ్యి నూనె పూర్తిగా మానేయమని చెప్పను. ఒక్కసారిగా కుమ్మరించడమే ఇబ్బంది. పొద్దున నెయ్యి కారం దోసె, సాయంత్రం స్టాఫ్‌రూములో మిరపకాయ బజ్జీ, ఈ రెండూ ఆపి, అదే నూనెని మూడు పూటలకీ కొద్దికొద్దిగా పంచుకోండి. పెరుగు, మజ్జిగ పడితే నిశ్చింతగా తినండి, పాలు పడకపోవడం మనవాళ్లలో మామూలే, అది కూడా కలిసి ఉండొచ్చు కాబట్టి రెండు వారాలు పాలు ఆపి చూడటంలో తప్పులేదు. ఇసబ్‌గోల్ కొందరికి మలాన్ని కాస్త గట్టిపరుస్తుంది.

ప్రోబయోటిక్ మూడు నెలలు వాడి తేడా లేదన్నారు, ఆశ్చర్యం లేదు. ఐబీఎస్‌కి ప్రయోగాల్లో భాగంగా తప్ప వీటిని సిఫారసు చేయలేమని అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజిస్టుల సంఘం 2020లోనే చెప్పింది. దుకాణంలో దొరికేవి ఎక్కువగా ల్యాక్టోబాసిల్లస్, బైఫిడో జాతులు, ఆమ్లాల తోక కత్తిరిస్తాయేమో గానీ తర్వాతి మెట్టు వాటికి రాదు. కిట్ సంగతీ ఇంతే. నలభై పేర్లు, రంగురంగుల గీతలు, చివర్లో వాళ్లే అమ్మే డబ్బా ఒకటి. మీ మలంలో ఫలానా జాతి 3 శాతం ఉందని తెలిస్తే నేను రాసే చీటీలో ఒక్క అక్షరం మారదు.

ఐబీఎస్ అన్న డాక్టరుగారిది తప్పని కూడా అనను. రెండూ కలిసి ఉండొచ్చు, ఫస్ట్ పీరియడ్ భయం మోషన్‌ని నిజంగానే పెంచుతుంది. నేను చెప్పింది చదివి ఆయన దగ్గరికే వెళ్లండి, గాల్‌బ్లాడర్ తర్వాతే మొదలైందని, మెట్‌ఫార్మిన్ డోసు ఏ నెలలో పెరిగిందో, రాత్రి నిద్రలోంచి లేస్తున్నారో లేదో రాసుకుని వెళ్లండి. కొలనోస్కోపీలో పైకి నార్మల్‌గా ఉన్నా ముక్క తీసి పరీక్షకి పంపారా అని అడగండి, కంటికి కనిపించని వాపు మైక్రోస్కోపులోనే తెలుస్తుంది. రక్తం పడినా, బరువు తగ్గినా, జ్వరం వస్తున్నా, హిమోగ్లోబిన్ పడిపోయినా ఈ పొడి ప్రయోగాలు పక్కనపెట్టి ముందు అది తేల్చుకోవాలి.

కాశీకి బస్సులో కాకుండా రైల్లో వెళ్లండి, ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు. పొడి కనీసం రెండు వారాల ముందే మొదలెట్టి డోసు కుదుర్చుకోండి, ప్రయాణం రోజున కొత్తగా మొదలెట్టొద్దు. జ్వరం, రక్తం లేకపోతే ఎక్కే ముందు మోషన్లు ఆపే లోపెరమైడ్ గోళీ ఒకటి వేసుకోవచ్చు, అదీ డాక్టరుగారిని అడిగాకే. స్టేషన్లో పూరీలు మాత్రం వద్దు, ఇంటి నుంచి పెరుగన్నం కట్టుకెళ్లండి.